వెనక కూర్చునేవాళ్ళ సీటు

నాకు ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు మా ఇంట్లో అందరూ సంతోషించారు. పోస్టింగు ఎక్కడో తెలిసిన రోజు ఆ సంతోషం కాస్త నెమ్మదించింది. కామవరపుకోట దాటి, మెయిన్ రోడ్డు వదిలి, జీడిమామిడి తోటల్లోంచి లోపలికి వెళ్తే వచ్చే ఊరు అది. మేముండేది ఏలూరులో. పొద్దున్నే అటు వెళ్ళే బస్సు ఒకటుంది. అది కామవరపుకోట చేరేసరికి మా బళ్ళో ప్రార్థన అయిపోయి, హాజరు అయిపోయి, పిల్లలు తెలుగు వాచకం తీస్తుంటారు. అక్కడ షేర్ ఆటో నిండేదాకా ఆగి ఊళ్ళోకి వెళ్తే మధ్యాహ్న భోజనం వేళకి హాయిగా చేరుకోవచ్చు. భోజనం చెయ్యడమే నా ఉద్యోగమైతే ఆ బస్సు చాలా అనుకూలం.

ఆ ఊళ్ళోనే ఇల్లు తీసుకుని ఉండొచ్చు కదా అని అందరూ అడిగేవారు. మా అత్తయ్యగారికి ఏలూరు కాలవ నీళ్ళు తప్ప వేరే నీళ్ళు పడవు. పుట్టింటికి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా ఆవిడ వెంట ఒక క్యాను వెళ్ళాల్సిందే. అంచేత ఇల్లు మారే మాట మొదటిరోజే ముగిసిపోయింది.

మా ఆయన పురుగుమందుల కంపెనీలో రిప్రజెంటేటివ్. పెదవేగి మొదలుకుని మెట్ట ఊళ్ళన్నీ ఆయన ఏరియా. "నేనెలాగూ అటే వెళ్తాను కదా, దారిలో బండి మీద నిన్ను దింపేస్తాను. సాయంత్రం వచ్చేటప్పుడు ఎక్కించుకుంటాను" అన్నారు. పెళ్ళయ్యాక ఆయన నాకు చేసిన సాయాల్లో అదే పెద్దది. ఇందులో వెటకారం లేదు. మిగతాదంతా వెటకారమే కాబట్టి ఇది ముందే చెప్పేస్తున్నాను.

ఆ ఉద్యోగం నాకు కావాలి. పెళ్ళయ్యాక పొయ్యి దగ్గర నిలబడి ఒక చేత్తో పప్పు కలుపుతూ, ఇంకో చేత్తో పుస్తకం పట్టుకుని చదివి తెచ్చుకున్నాను. మూడో తరగతి నాకిచ్చారు. జీతం కోసం కాదు, ఆ పిల్లల కోసం వెళ్తున్నానంటే ఎవరూ నమ్మరని, జీతం కోసమేనని చెప్పేదాన్ని. దాన్ని మాత్రం అందరూ వెంటనే నమ్మేవారు.

ఇక నేను బండి మీద కూర్చునే తీరు చెప్పాలి. ఇది అందరికీ తెలిసిందే, చెప్పడం ఎందుకనిపించవచ్చు. అందరికీ తెలియడం వల్లే దాని గురించి ఎవరూ ఆలోచించలేదు. లేడీ టీచరు కాబట్టి చీర. చీర కాబట్టి పక్కకి కూర్చోవాలి. రెండు కాళ్ళూ ఎడమ వైపు ఆ చిన్న ఇనప మెట్టు మీద పెట్టి, కుడిచెయ్యి ఆయన భుజం మీద వేసి, ఎడమచేత్తో సీటు వెనక కమ్మీ పట్టుకుని, ఒళ్ళో బ్యాగు, బ్యాగులో క్యారేజీ. కాళ్ళు పొలాల వైపు, మొహం రోడ్డు వైపు. మధ్యలో నడుము ఎటు ఉండాలో అది తేల్చుకోలేక అవస్థ పడుతుంటుంది. పెదవేగి దాటాక పామాయిల్ గెలలు మోసే ట్రాక్టర్లు ఆ రోడ్డుని దున్నిపెట్టాయి. గొయ్యి వచ్చినప్పుడు నడిపేవాళ్ళకి కనిపిస్తుంది, మెట్ల మీద కాళ్ళు ఆనించి కాస్త పైకి లేస్తారు. వెనక ఉన్నవాళ్ళకి గొయ్యి వచ్చిన సంగతి వచ్చాకే తెలుస్తుంది.

ఏడాది తిరిగేసరికి నా నడుము పని అయిపోయింది. పొద్దున లేవడానికి మంచం పట్టె పట్టుకోవాల్సి వచ్చేది. బోర్డు మీద కింది వరుస రాయాలంటే ఒక పిల్లని పిలిచి రాయించేదాన్ని. ఏలూరులో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు మా ఆయన. డాక్టరుగారు నా వీపు నొక్కి చూస్తూ, "నొప్పి ఎక్కడుందంటున్నారండీ?" అని మా ఆయన్ని అడిగారు. మా ఆయన నా నొప్పి గురించి చాలాసేపు వివరంగా చెప్పారు. మధ్యలో నేనొకటి రెండు చోట్ల సవరించబోయాను కానీ వాళ్ళిద్దరికీ మాటలు బాగా కలిశాయి. చివరికి డాక్టరుగారు, "బండి మీద దూరాభారం ప్రయాణం తగ్గించండి, లేకపోతే ఇది పెరుగుతుంది" అని తేల్చారు. ఎలా కూర్చుంటానో మాత్రం అడగలేదు. ఆడమనిషి ఎలా కూర్చుంటుందో ఆయనకి తెలియదా ఏమిటి.

ఇంటికొచ్చాక అత్తయ్యగారు ఎంతో మృదువుగా మొదలుపెట్టారు. ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచరు. "నీ మంచికే చెప్తున్నానమ్మా. నడుం పోయాక ఉద్యోగం ఉండి ఏం చేసుకుంటావు చెప్పు. లాంగ్ లీవు పెట్టేసెయ్యి. తగ్గాక చూసుకోవచ్చు." మా ఇంట్లో 'తగ్గాక చూసుకోవచ్చు' అన్న పనులు చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా ఎవరూ మళ్ళీ చూసుకోలేదు. లాంగ్ లీవంటే మానెయ్యడమేనని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

మా ఆయన మాత్రం ఒప్పుకోలేదు. "లోపం సీటులో ఉందమ్మా. మంచి సీటు వేయిస్తే ఉద్యోగం మానాల్సిన పనేముంది? ఎండాకాలం సెలవుల్లోగా తగ్గకపోతే అప్పుడు లీవు పెడుతుందిలే" అన్నారు. అలా నా ఉద్యోగం ఆ మోటారు సైకిలు సీటు మీద పడింది.

ఆ తర్వాత మా ఆయన సీట్ల మీద పరిశోధన మొదలుపెట్టారు. టెన్త్‌లో ఆయన ఇంత శ్రద్ధ చూపించి ఉంటే మా మామగారు ఎంత సంతోషించేవారో. దారిలో ఎవరి బండి ఆగి ఉన్నా దాని సీటు బొటనవేలితో నొక్కి చూసేవారు. టీ కొట్టు దగ్గర తెలియనివాళ్ళని పలకరించి, "ఏవండీ, లాంగ్ వెళ్తే వేడెక్కుతుందాండీ ఇది?" అని అడిగేవారు. మనవైపు వాళ్ళు మర్యాదస్తులు. తెలియదని చెప్పి ఎవరినీ నొప్పించరు. ప్రతివాళ్ళూ ఒక సలహా ఇచ్చి పంపేవారు. స్పాంజి మెత్తగా ఉండాలని ఒకరు, మెత్తగా ఉంటే దిగబడిపోతుంది గట్టిగానే ఉండాలని ఇంకొకరు. టాక్సీ డ్రైవర్లు వేసుకునే చెక్కపూసల కవరు వెయ్యమని ఒకాయన చెబితే అదీ తెచ్చి వేశారు. గాలి బాగా ఆడుతుందన్నారు. గాలి సంగతి తెలియదు కానీ, సాయంత్రానికి నా ఒంటి మీద ఎన్ని పూసలున్నాయో లెక్కపెట్టుకోవచ్చు.

ఇక లాభం లేదని ఏలూరు కాలవ దగ్గర సీట్లు కుట్టే సాయిబుగారి కొట్టుకి తీసుకెళ్ళారు. సాయిబుగారు మంచి మాటకారి. మా ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, టీ తెప్పించి, కొలతలు తీసుకున్నారు. రోజుకి ఎంత దూరం తిరుగుతారు, ఏ భాగం ముందు తిమ్మిరెక్కుతుంది, వంగి నడుపుతారా నిటారుగా నడుపుతారా అని ఒక్కొక్కటే అడిగారు. పెళ్ళిచూపుల్లో నన్ను కూడా ఇన్ని ప్రశ్నలు అడగలేదు.

"వెనకాల ఎవరు కూర్చుంటారండీ?" అన్నారు చివర్లో.

"మా ఆవిడండీ. అసలు ఆవిడ నడుం కోసమే ఈ సీటు."

"ఆవిడ బరువెంతుంటారండీ?"

నేను వాళ్ళిద్దరికీ మధ్యలోనే నిలబడి ఉన్నాను. మా ఆయన నన్నోసారి కింది నుంచి పైదాకా చూసి ఒక సంఖ్య చెప్పారు. సాయిబుగారు కూడా చూసి, మర్యాద కొద్దీ కొంచెం తగ్గించి రాసుకున్నారు. కొలతల కార్యక్రమంలో నా వాటా అంతే.

వారం తర్వాత సీటు తయారైంది. ముందు భాగంలో మా ఆయన ఒదిగి కూర్చునేలా తొట్టి. వెనక భాగం ఎత్తుగా, గుండ్రంగా తాబేలు డిప్పలా ఉంది. వెనక ఎత్తుగా ఉంటే కూర్చున్నవాళ్ళకి ముందు రోడ్డంతా కనిపిస్తుందని సాయిబుగారు చెప్పారు. "సింహాసనమండీ ఇది" అన్నారు. నిజమే. కాకపోతే ఆ సింహాసనం ఒకరికే.

ఇక్కడ మా ఆయన శాస్త్రీయంగా ఒక పని చేశారు. వెనక సీటు బాగుందో లేదో ముందు పరీక్షించాలనుకున్నారు. అందుకు నా అంత బరువున్న మనిషి కోసం వెతికారు. పురుగుమందుల డీలరు కొట్లో ఒక గుమాస్తా ఉన్నాడు. బియ్యం బస్తాల కాటా మీద ఎక్కించి చూస్తే సరిగ్గా నా అంతే తూగాడట. అతన్ని వెనక ఎక్కించుకుని పెదవేగి దాకా వెళ్ళొచ్చారు. గోతులున్న చోట కావాలనే నెమ్మది చెయ్యలేదని కూడా నాతో చెప్పారు. గుమాస్తా మా ఇంటి ముందు బండి దిగి, "పరుపు మీద పడుకున్నట్టుందండీ" అన్నాడు.

"ఆయన ఎలా కూర్చున్నారండీ?" అని అడిగాను.

"ఎలా కూర్చోవడమేంటి? మామూలుగానే కూర్చున్నాడు."

"అటో కాలు ఇటో కాలు వేసుకునా?"

"మరి?"

"నేను పక్కకి కూర్చుంటాను కదండీ. ఆయన్ని కూడా పక్కకి కూర్చోమనాల్సింది."

గుమాస్తా ఇంకా అరుగు మీదే ఉన్నాడు. "భలేవారే చెల్లెమ్మగారూ, మగాణ్ణి పట్టుకుని పక్కకి కూర్చోమంటారేంటండీ" అని నవ్వాడు. మా ఆయనా నవ్వారు. నేను కూడా నవ్వాను, ఇంటికొచ్చిన మనిషి కదా అని. నా బరువు తూచి తెచ్చినవాళ్ళకి నా కాళ్ళు ఎటు ఉంటాయో మాత్రం గుర్తు రాలేదు.

సోమవారం ఆ డిప్ప మీద బడికి బయల్దేరాను. సీటు ఎత్తు పెరిగింది కాబట్టి నా కాళ్ళు మెట్టుకి అందడం మానేశాయి. గుండ్రంగా ఉంది కాబట్టి, బ్రేకు వేసినప్పుడల్లా రోడ్డు మీదకి జారేదాన్ని. "జారిపోతున్నానండీ" అంటే, "కొత్త రెక్సిన్ కదా, నాలుగు రోజులు పోతే పట్టుకుంటుంది" అన్నారు. నాలుగు వారాలు పోయాక, "నీకింకా అలవాటు పడలేదు" అన్నారు. అప్పటికి తప్పు సీటు మీంచి నా మీదకి వచ్చేసిందన్నమాట. ఆయనకి మాత్రం ఆ సీటు అద్భుతంగా కుదిరింది. కామవరపుకోట దాకా వెళ్ళొచ్చినా ఒళ్ళు తెలియడం లేదని కనిపించిన ప్రతివాళ్ళతో చెప్పేవారు.

ఒకరోజు అన్నాల దగ్గర తెగించి అనేశాను. "చుడిదార్ వేసుకుని నేను కూడా అటో కాలు ఇటో కాలు వేసుకుని కూర్చుంటాను." అత్తయ్యగారు పెరుగు వేస్తూ, "పెళ్ళయి ఉద్యోగం చేసుకుంటున్న ఆడపిల్లవి, పంతులమ్మవి కూడానూ" అని ఆగారు. మా ఆయన, "బళ్ళో ఒప్పుకోరు. అయినా నలుగురూ ఏమనుకుంటారు?" అన్నారు. ఆ నలుగురూ ఎవరో పేర్లు చెబితే వెళ్ళి అడిగి వచ్చేదాన్ని.

అత్తయ్యగారు తన వంతు సాయం తాను చేశారు. బుధవారం చర్చిలో జరిగే స్త్రీల కూడికలో నా నడుము కోసం ప్రార్థన పెట్టించారు. అందరూ కళ్ళు మూసుకుని శ్రద్ధగా ప్రార్థించారు. పాస్టరమ్మగారు నా నడుముని పేరు పెట్టి పిలవడం ఒక్కటే తక్కువ. ఆదివారం ఆరాధనకి వెళ్తే గుమ్మంలోనే, "ఇప్పుడెలా ఉందమ్మా?" అని ఇద్దరు ముసలావిడలు నా వీపు తడిమి చూశారు. ప్రార్థన అయ్యాక మళ్ళీ అదే బండి మీద అలాగే పక్కకి కూర్చుని ఇంటికొచ్చాను. నయం చెయ్యడానికి దేవుడికి కూడా కాస్త వ్యవధి ఇవ్వలేదు మేము.

తర్వాత తాడేపల్లిగూడెం వంతు వచ్చింది. అక్కడ లారీ సీట్లు చేసే ఆయన ఒకరున్నారని, ఆయన చెయ్యి పడితే ఇక తిరుగులేదని మా ఆయనకి ఎవరో చెప్పారు. రెండో శనివారం నాకు సెలవు. నడుం నొప్పికి మందు తెచ్చుకోవడానికి ఏలూరు నుంచి గూడెం దాకా హైవే మీద డిప్ప మీద పక్కకి కూర్చుని వెళ్ళాను. మర ఆడిస్తున్న మిల్లుల పక్కనుంచి వెళ్తుంటే ఊక నుసి మొహాన కొట్టింది. దిగేసరికి నా రెండు కాళ్ళూ తిమ్మిరెక్కి, షాపు గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

షాపాయన మా ఆయనకి కుర్చీ వేసి చెప్పుకొచ్చారు. "నా సీటు మీద లారీ డ్రైవర్లు కాశీ దాకా వెళ్ళొస్తారండీ. ఒక్కళ్ళు కూడా వచ్చి నడుం నొప్పని అనలేదండీ."

"వాళ్ళు పక్కకి తిరిగి కూర్చుని నడుపుతారాండీ?" అని అడిగాను.

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, మా ఆయన వైపు తిరిగారు. "మేడంగారు భలే జోకులేస్తారండీ."

ఆ మధ్యాహ్నమే డిప్ప తీసేసి బల్లలాంటి సీటు వేశారు. వెడల్పుగా, చదునుగా, అంచు చుట్టూ తాడులా లావుపాటి కుట్టుతో. ఆ కుట్టు అందం కోసమట. తిరుగు ప్రయాణంలో ఆ అందం నా తొడల కింద గీత పెట్టింది. జారడం మాత్రం తగ్గింది. "చూశావా, జారడం లేదు కదా" అన్నారు మా ఆయన. లేదండీ అన్నాను. ఏలూరు చేరేదాకా ఆయన ఈల వేస్తూనే ఉన్నారు.

ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఇంకా పెందలాడే బయల్దేరాలి. ఆ రోజుల్లో ఒక ఉదయం బడి ముందు బండి ఆగింది కానీ నేను దిగలేకపోయాను. నడుము బిగుసుకుపోయి కదలనంది. పిల్లలు ప్రార్థనకి వరసల్లో నిలబడి నన్నే చూస్తున్నారు. మా మూడో తరగతి పిల్లలు ఇద్దరు వెళ్ళి తరగతిలోంచి కుర్చీ మోసుకొచ్చి బండి పక్కన వేశారు. దాని మీద చెయ్యి ఆనించి దిగాను. ఆ తర్వాత తరగతిలోకి వెళ్ళి, బోర్డు వైపు తిరిగి, తుడిచిన బోర్డునే మళ్ళీ తుడుస్తూ ఏడ్చాను. ఇక నావల్ల కాదనిపించింది. ఉద్యోగం మానేద్దామని మొదటిసారి నా అంతట నేనే అనుకున్నాను.

లాంగ్ లీవు పెడుతున్నానని అమ్మకీ నాన్నకీ చెప్పడానికి ఆ ఆదివారం మా పుట్టింటికి వెళ్ళాం. మాది కొల్లేరు అంచున ఒక లంక ఊరు. చెరువు గట్ల మధ్య సన్నటి రోడ్డు, రెండు వైపులా నీళ్ళు, గుర్రపుడెక్క. ఆరాధన అయింది, కొరమేను పులుసుతో భోజనాలయ్యాయి. నా మాట విని అమ్మ పులుసు గిన్నె మీద మూత పెట్టింది. నాన్న మాత్రం, "అంత కష్టపడి తెచ్చుకున్నావు కదమ్మా" అని లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. ఆ మాట కంటే తిట్టి ఉంటే బాగుండేది.

ఈలోగా మా ఆయన ఊరివాళ్ళతో చెరువు గట్టు మీదకి వెళ్ళారు. గట్టు మీద కలుపు చావాలంటే ఏ మందు కొట్టాలో, ఎంత కొట్టాలో ఉపన్యాసం ఇస్తూ వెనక్కి అడుగేశారట. వెనక బురద. నలుగురు పట్టుకుని తీసుకొచ్చేసరికి కుడి మోకాలు బూరెలా పొంగి ఉంది. ఊళ్ళో ఆర్ఎంపీ డాక్టరు వచ్చి, కాలు కదలకుండా తొడ నుంచి మడమ దాకా చెక్క పెట్టి గుడ్డ చుట్టేశాడు. ఏలూరు తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించమన్నాడు. ఆ రోజు ఏదో పెళ్ళికని ఊళ్ళో ఆటోలన్నీ వెళ్ళిపోయాయి. మిగిలినవి రెండే. మా బండి, మా నాన్న మోపెడ్.

మా తమ్ముడు బండి స్టార్టు చేసి, "ఎక్కండి బావగారూ" అన్నాడు. చెక్క కట్టిన కాలు అటు వెయ్యడం కుదరదు, మడవడం కుదరదు. "పక్కకి కూర్చోండి బావగారూ. అక్క కూర్చున్నట్టు" అన్నాడు మళ్ళీ.

మా ఆయన చుట్టూ చూశారు. గట్టు మీద ఆయన ఉపన్యాసం విన్న మగవాళ్ళంతా అక్కడే ఉన్నారు. "ఇంకో దారేమైనా ఉందాండీ?" అని వాళ్ళనే అడిగారు. లేదండీ అన్నారు వాళ్ళు ఎంతో వినయంగా, నేల చూస్తూ. చివరికి ఇద్దరు పట్టుకుని ఆయన్ని ఆ బల్ల సీటు మీద పక్కకి కూర్చోబెట్టారు. ఎడమకాలు మెట్టు మీద, కట్టు కట్టిన కాలు ముందుకి చాపి, చెయ్యి మా తమ్ముడి భుజం మీద.

నేను మా నాన్న మోపెడ్ వెనక ఎక్కి వాళ్ళ వెనకే బయల్దేరాను. అంచేత ఆ ప్రయాణమంతా నేను కళ్ళారా చూశాను. నొప్పితో ఉన్న మనిషిని చూసి సంతోషించకూడదు. నేను సంతోషించలేదు. రెప్ప వెయ్యకుండా చూశానంతే.

మొదట్లో ఒక చెయ్యి మా తమ్ముడి భుజం మీద దర్జాగా వేశారు. మొదటి గోతి తర్వాత ఆ చెయ్యి చొక్కా కాలరు పట్టుకుంది. రెండో చెయ్యి సీటు వెనక కమ్మీ కోసం తడుముకుంది. మొహం ముందుకి తిప్పుకున్నారు, మెడ పట్టేసినట్టుంది, నీళ్ళ వైపు తిప్పుకున్నారు. మా తమ్ముడు బ్రేకు వేసినప్పుడల్లా అతని వీపు మీదకి ఒరిగి, మళ్ళీ సర్దుకుని, సర్దుకునేలోగా ఇంకో గొయ్యి.

"కాస్త ఆపవయ్యా" అన్నారు ఒక తూము దగ్గర.

"కాలు నొప్పిగా ఉందా బావగారూ?"

"కాలు కాదు. నడుము పట్టేసింది. ఈ అంచు కుట్టొకటి, కోసేస్తోంది."

"మంచి సీటే బావగారూ, మెత్తగా ఉంది" అన్నాడు మా తమ్ముడు ముందు నుంచి. వాడి తప్పేమీ లేదు. ముందు మెత్తగానే ఉంటుంది.

ఏలూరు చేరేలోగా మూడుసార్లో నాలుగుసార్లో ఆపించారు. ఆస్పత్రిలో డాక్టరు మోకాలు పట్టుకుని ఇక్కడ నొప్పా, ఇక్కడ నొప్పా అని అడుగుతుంటే, ఈయన నడుము చూపించారు. ఎముక విరగలేదు, కండరం తెగిందన్నారు. కొన్ని వారాలు కాలు కదపకూడదన్నారు. ఇంటికి తీసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టాం. అత్తయ్యగారు వీపుకి నూనె రాసి వెళ్ళాక, మా ఆయన నా వైపు తిరిగారు. ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది.

"ఇంత బాధగా ఉంటుందని నాకు చెప్పొచ్చు కదా నువ్వు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. చెప్పడానికి చాలా ఉన్నాయి. పూసల గురించి, డిప్ప గురించి, జారుతున్నానని ఎన్నిసార్లు చెప్పానో దాని గురించి.

"చెప్పానండీ" అన్నాను. "మీరు సీటుని అడిగారు."

ఆయన మా తమ్ముణ్ణి పిలిచి, తన కాలు బాగయ్యేదాకా ఏలూరులోనే ఉండి రోజూ నన్ను బడికి దింపగలవా అని అడిగారు. లాంగ్ లీవు సంగతి అత్తయ్యగారు ఎత్తితే, "ఆగమ్మా" అన్నారు.

మర్నాడు చుడిదార్ వేసుకున్నాను. తమ్ముడి వెనక అటో కాలు ఇటో కాలు వేసి కూర్చున్నాను. గోతులు అవే, ట్రాక్టర్లు అవే, సీటు కూడా అదే. నడుము మాత్రం ముందుకి చూస్తూ కూర్చుంది. బడికి వెళ్ళాక హెడ్మాస్టరుగారు నా డ్రెస్సు వైపు చూసి, గొంతు సవరించుకుని, "మేడంగారూ, ఇదేంటండీ ఇవాళ" అన్నారు. చీర బ్యాగులో తెచ్చాను సార్, మార్చుకుని వస్తాను అన్నాను. ప్రార్థన గంట కొట్టేసరికి చీరలో వరసల ముందు నిలబడ్డాను. నొప్పి ఒక్కరోజులో పోలేదు. సెలవులు ఇచ్చేనాటికి మాత్రం బోర్డు మీద కింది వరుస కూడా నేనే రాస్తున్నాను.

జూన్‌లో బడులు తెరిచేసరికి మా ఆయన కాలు బాగయింది. తమ్ముడు ఊరెళ్ళిపోయాడు. మొదటిరోజు ఆయన బండి స్టార్టు చేసి కూర్చున్నారు. నేను చుడిదార్‌లో గుమ్మం దిగాను. తమ్ముడితో వెళ్ళడం వేరు, మొగుడితో వెళ్ళడం వేరు కాబోలు, అప్పటిదాకా ఊరుకున్న అత్తయ్యగారు ఆ రోజు గేటు దాకా వచ్చారు. వీధిలో ఎదురింటివాళ్ళు ముగ్గేస్తున్నారు.

"అమ్మాయ్" అన్నారు ఆవిడ, ఎప్పటిలాగే ఎంతో మృదువుగా. "వీధి చివరి దాకా పక్కకి కూర్చుని వెళ్ళి, ఆ తర్వాత మార్చుకుని కూర్చోవచ్చు కదమ్మా."

నేను ఏదో అనబోయాను. అంతలో మా ఆయన అన్నారు.

"కుదరదమ్మా. అలా కూర్చోలేం. నేను కూర్చుని చూశాను."

ఆ మాటకి నాకు ఏడుపొచ్చినంత సంతోషం కలిగింది. అదే నిమిషంలో చెప్పలేనంత కోపం కూడా వచ్చింది. నేను రెండేళ్ళు కూర్చున్నాను. ఆయన కూర్చున్నది ఒక్క మధ్యాహ్నం. అత్తయ్యగారు గేటు వేసుకుని లోపలికి వెళ్ళిపోయారు.